మొన కమాను ఎవరి సొత్తు?

గ్లోస్టర్ మఠం, హయాత్‌నగర్ సరాయి, మెదక్ చర్చి: ఒక పరిశీలన

2019 ఏప్రిల్ 15వ తేదీన పారిస్ నగరంలోని నోత్రదామ్ చర్చి కప్పు తగలబడిపోయింది. ఆ మర్నాడు పత్తర్‌గట్టి కమానుల కింద, ఒక పుస్తకాల దుకాణం ముందు బల్ల మీద కూర్చున్న నలుగురైదుగురు పెద్దలు ఆ వార్తే మాట్లాడుకుంటున్నారు. వారిలో ఒకరు, "ఆ కట్టడం పేరుకే వాళ్ళది; ఆ కమానులన్నీ మన దగ్గర నేర్చుకున్నవే" అన్నారు. మిగిలినవారు తలలూపారు. ఈ వ్యాసకర్త కూడా తలూపాడు. ఆ మాట చెవికి ఇంపుగానే ఉంది. సరిగ్గా రెండు వారాలు దాటగానే, మే నెల మొదటి తేదీ రాత్రి, అక్కడికి కూతవేటు దూరంలో ఉన్న చార్మినారు మినారు ఒకదాని నుండి గచ్చు పెళ్ళ ఊడి కింద పడింది. ఆ బల్ల మీద దాన్ని గురించి కూడా మాటలు నడిచాయి గాని, అవి అంత ఇంపుగా లేవు.

మరుసటి సంవత్సరం డయానా డార్క్ అనే ఆంగ్ల రచయిత్రి 'స్టీలింగ్ ఫ్రమ్ ది సారసెన్స్' అనే పుస్తకం ప్రచురించింది. అనగా 'సారసెన్ల నుండి దొంగతనం' అని. ఈమె డమాస్కస్ పాత నగరంలో ఒక ఇల్లు కొని, బాగు చేయించుకుని, సిరియా దేశాన్ని దగ్గరగా చూసిన మనిషి. యూరపు గర్వంగా చెప్పుకునే గోతిక్ శిల్పరీతికి మూలాలు ముస్లిం నేలల్లోను, సిరియాలోను ఉన్నవని ఆమె వాదన. పుస్తకం మన పట్టణంలోకి రాకముందే దాని పేరు వచ్చింది. చదవకుండానే ఉదాహరించినవారు చాలామంది ఉన్నారు. ఈ వాదనలో నిలిచేది ఎంత, నిలవనిది ఎంత అని తూచి చూడటమే ఇక్కడ ఉద్దేశ్యం. మనకు అనుకూలమైన మాట గనుక పరీక్ష లేకుండా ఒప్పుకోవాలన్న నియమం మన పూర్వ విద్వాంసులలో ఏనాడూ లేదు. హదీసు విద్యలో సనదును పరీక్షించడం నేర్చుకున్నవారి వారసులం, కమాను సనదును మాత్రం ఎందుకు వదిలిపెట్టాలి?

ముందుగా పేర్ల సంగతి. 'గోతిక్' అనేది ఆ రీతిని కట్టినవారు పెట్టుకున్న పేరు కాదు. 16వ శతాబ్దంలో ఇటలీవాడైన వసారి, అది రోమును నాశనం చేసిన గోతు జాతివారి అనాగరిక పని అంటూ తిట్టుగా వాడాడు. 'సారసెన్' కూడా అటువంటిదే. మధ్యయుగపు క్రైస్తవులు ముస్లిములను పిలిచిన పరాయి పేరు. లండన్‌లో సెంట్ పాల్ చర్చి కట్టిన క్రిస్టఫర్ రెన్, గోతిక్ అనడం కన్న దీన్ని సారసెన్ రీతి అనడం సబబు అని 1713లో ఒక నివేదికలో వ్రాశాడు. ఆ మాటను ఇప్పుడు మనవారు ప్రశంసాపత్రం లాగా చూపుతున్నారు. రెన్‌కు గోతిక్ రీతి మీద గౌరవం తక్కువ. అతడు కాలు పెట్టిన పరదేశం ఫ్రాన్సు ఒక్కటే. ఒక్క మసీదు కూడా కళ్ళారా చూడలేదు. ఆయన ఊహ గొప్పదే కావచ్చు, సాక్ష్యం మాత్రం కాదు.

బ్రిస్టల్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు దగ్గరలోని గ్లోస్టర్ పట్టణంలో ఒక పాత మఠం చూసే అవకాశం దొరికింది. అది బెనెడిక్టు సంప్రదాయపు సన్యాసుల మఠం. దాని చర్చి కట్టడం 1089లో మొదలైంది. 1540లో రాజు ఎనిమిదవ హెన్రీ దేశంలోని మఠాలన్నిటితో పాటు దీన్నీ రద్దు చేశాడు. 1541లో అది బిషప్పు చర్చిగా మారింది. లోపలికి అడుగు పెట్టగానే కనిపించే భాగంలో ఏనుగు కాళ్ళకు నాలుగింతలుండే గుండ్రని స్తంభాలు, వాటిపై అర్ధచంద్రాకారపు కమానులు. ముందుకు నడిచేకొద్దీ కమానులు మొనదేలుతాయి, గోడలు పలచబడతాయి, కిటికీలు పెరుగుతాయి. ఒక్క కప్పు కింద మూడు వందల ఏళ్ళ చరిత్ర నడుస్తూ చూడవచ్చు. మొన కమాను వల్ల ఏమి మారిందో ఏ పుస్తకమూ ఇంత తేటగా చెప్పలేదు.

చర్చికి ఉత్తరపు పక్కన ఉన్నది సన్యాసుల దాలాను. ఇంగ్లీషులో క్లాయిస్టర్ అంటారు. మూసి ఉన్న చోటు అనే లాటిను మాట నుండి వచ్చింది. నడుమ పచ్చిక సహను, దానికి నాలుగు పక్కలా కప్పున్న నడవ. 14వ శతాబ్దపు రెండవ సగంలో మొదలై 15వ శతాబ్దపు ఆరంభంలో ముగిసిన పని అది. కప్పు చూసి చాలాసేపు కదలలేకపోయాను. గోడలోని ఒక్కొక్క స్తంభం నుండి తాటాకు విసనకర్ర విచ్చినట్లు రాతి ఈనెలు పైకి విచ్చుకుంటాయి. ఎదుటి పక్క విసనకర్ర అంచు వచ్చి దీన్ని తాకుతుంది. ఈ తరహా కప్పుల్లో నేటికి నిలిచి ఉన్నవాటిలో ఇదే మొదటిదంటారు. మా మనవలకు ఇవేవీ పట్టలేదు. హారీ పోటర్ సినిమాల్లో ఈ నడవ ఉందట, వాళ్ళు దానికోసం వచ్చారు.

దక్షిణపు నడవలో కిటికీల వెంట ఇరవై చిన్న గూళ్ళు ఉన్నాయి. ఒక్కొక్క గూటిలో ఒక్కొక్క సన్యాసి కూర్చుని చదువుకునేవాడు, వ్రాసుకునేవాడు. ఉత్తరపు నడవలో రాతి తొట్టి ఒకటి గోడ పొడుగునా ఉంది. భోజనశాలకు వెళ్ళేముందు చేతులు కడుక్కునే చోటది. మక్కా మసీదు హౌజు దగ్గర వుజూ చేసుకుంటూ పెరిగినవాడికి ఆ తొట్టి ముందు పరాయితనం అనిపించదు. అయినా రెంటికీ తేడా ఉంది. మక్కా మసీదు హౌజు దగ్గర చౌకు బజారు నుండి వచ్చిన బండివాడూ కూర్చుంటాడు, జడ్జీ గారూ కూర్చుంటారు. ఈ తొట్టి దగ్గరికి ఊరివాడు రాలేడు. దాలాను ఉన్నదే ఊరిని బయట ఉంచడానికి.

ఇక కమాను. అర్ధచంద్రపు కమాను ఎత్తు దాని వెడల్పులో సరిగ్గా సగం. వెడల్పు పెరిగితే ఎత్తు పెరగవలసిందే, వేరే దారి లేదు. మొన కమానుకు ఈ బందిఖానా లేదు. వెడల్పు ఎంతైనా ఎత్తు మనకు కావలసినంత పెట్టుకోవచ్చు. అందువల్ల పొడుగూ వెడల్పూ వేరువేరుగా ఉన్న గది మీద కూడా నాలుగు పక్కల కమానులు ఒకే ఎత్తుకు తీసుకువచ్చి కప్పు వేయవచ్చు. పైగా అది గోడను పక్కకు నెట్టే బలం గుండ్రని కమాను కన్న తక్కువ. ఈ సౌకర్యం ముస్లిం కట్టడాల్లో చాలా ముందే కనిపిస్తుంది. పాలస్తీనాలోని రమ్లాలో హారూన్ రషీద్ కాలపు నీటి తొట్టి, హిజ్రీ 172, అంటే 789 నాటిది, మొన కమానుల మీద నిలిచి ఉన్నది. కైరోలో నైలు నీటిమట్టం కొలిచే కట్టడం 861 నాటిది. అక్కడా ఇవే కమానులు. అదే నగరంలో ఇబ్నె తూలూన్ మసీదు 876 - 879 మధ్య కట్టినది. దాని నాలుగు పక్కల దాలానుల్లో మొన కమానుల వరుసలు కంటికి ఆనవు. ఫ్రాన్సులో క్లూనీ మఠం చర్చి మొన కమానులతో మొదలైనది 1088లో. రెండు వందల ఏళ్ళ పైచిలుకు తేడా. ఇది నిర్వివాదాంశం.

క్రూసేడు యోధులు జెరూసలెం నుండి ఈ కమానును మోసుకుపోయారన్న కథ మాత్రం తేదీల ముందు నిలవదు. జెరూసలెం వారి చేతిలో పడినది 1099లో. క్లూనీ పని మొదలైనది అంతకు పదకొండేళ్ళ ముందు. కాబట్టి దారి వేరే ఉండాలి. ఫాతిమీ కైరోతో వర్తకం చేసిన అమాల్ఫీ వ్యాపారులు, రెండు శతాబ్దాలకు పైగా ముస్లిం పాలనలో ఉన్న సిసిలీ, 1085 వరకు మన చేతిలో ఉన్న తులైతులా, అనగా టోలెడో, వీటి ద్వారానే ఆ విద్య వెళ్ళి ఉండాలి. ఈ మూడు దారులూ కత్తి దారులు కావు. ఇచ్చిపుచ్చుకోలు జరిగిన చోట దొంగతనం అన్న మాట ఎందుకో తోచదు. అమ్మినవాడు ధర తీసుకున్నాడు, నేర్పినవాడు జీతం తీసుకున్నాడు. డార్క్ తన పుస్తకానికి ఆ పేరు ఎందుకు పెట్టిందో నాకు తెలుసు. పేరు పుస్తకాన్ని అమ్ముతుంది. మనవారు ఆ పేరును సిద్ధాంతంగా తీసుకోవడమే బాధాకరం.

ఆమె వాదనలో మరొక పేలవమైన చోటు ఉంది. నోత్రదామ్ ముఖద్వారానికి అటూ ఇటూ ఉన్న జంట బురుజుల పోలిక సిరియాలోని ఖల్బ్ లౌజా అనే శిథిల చర్చిలో ఉందంటుంది. ఉంటే ఉండవచ్చు. కాని ఆ చర్చి 5వ శతాబ్దం నాటిది. రసూలుల్లాహ్ (స) పుట్టకముందు సిరియా క్రైస్తవులు కట్టుకున్నది. దానిని సారసెన్ల లెక్కలో ఎట్లా వేస్తాము? మొన కమానుకే ఇస్లాముకు ముందు సిరియాలో ఆనవాళ్ళున్నాయి. 6వ శతాబ్దపు ఖస్ర్ ఇబ్నె వర్దాన్‌లో అది కనబడుతుంది. అంటే మనమూ అందుకున్నవారమే. అందుకుని, మెరుగుపెట్టి, లెక్కలేనంతగా వాడి, తరువాతి చేతికి ఇచ్చాము. ఇది తక్కువ పని కాదు, మొదటి పని మాత్రం కాదు.

రాతి ఈనెల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కుర్తుబా జామె మసీదులో ఖలీఫా రెండవ హకం కాలంలో, 960ల్లో, మెహరాబు ముందు కట్టిన గుమ్మటాల కింద ఈనెల కమానులు ఒకదానినొకటి దాటుతూ నక్షత్రం వేస్తాయి. నడి మధ్య మాత్రం ఖాళీగా వదులుతాయి. గోతిక్ ఈనెలు నడి మధ్యనే కలుసుకుంటాయి. ఒకటి మరొకదానికి ప్రేరణ కావచ్చు, నకలు మాత్రం కాదు. గోడలకు బయట నుండి ఊతకర్రల్లాగా నిలబెట్టిన ఎగిరే కమానులు, వాటి బలంతో గోడను తీసివేసి అద్దం పెట్టడం, ఇవి ముమ్మాటికీ ఫ్రాన్సు మేస్త్రీల సొంత బుద్ధి. సెంట్ దెనీ మఠం అధిపతి సుజేర్ 1144లో ప్రతిష్ఠ చేయించిన చర్చి వెనుకభాగం నుండి ఈ మార్పు లెక్కిస్తారు. గ్లోస్టర్ విసనకర్ర కప్పును మన ముఖర్నసుతో పోల్చిన మిత్రుడొకరున్నారు. తేనెపట్టునూ నెమలిపింఛాన్నీ పోల్చినట్లుంది.

కాని ఈ మఠాల నుండి మనం అడగవలసిన బాకీ వేరే ఒకటి ఉంది. దాన్ని ఎవరూ అడగరు. ఇటలీలోని మాంటె కసీనో మఠంలో 11వ శతాబ్దంలో కాన్స్టంటైన్ అనే ఉత్తరాఫ్రికా మనిషి సన్యాసిగా చేరి, అలీ ఇబ్నె అబ్బాస్ మజూసీ వైద్యగ్రంథాన్ని, ఇంకా అనేక అరబీ పుస్తకాలను లాటినులోకి దింపాడు. క్లూనీ మఠాధిపతి పీటర్ పూనుకుని ఖుర్ఆన్‌కు మొట్టమొదటి లాటిను అనువాదం చేయించాడు. 1143లో అది పూర్తయింది. ఖండించడానికే చేయించాడన్నది నిజమే. అయినా ఎదుటివాని గ్రంథం చదవకుండా ఖండించరాదన్న పట్టుదల ఆ మఠాధిపతికి ఉన్నది. పత్తర్‌గట్టి బల్ల మీద డార్క్ పుస్తకాన్ని చదవకుండా సమర్థించినవారిని తలచుకుంటే, ఆ విషయంలో పీటర్ వద్ద మనం నేర్చుకోవలసినది ఉందని చెప్పక తప్పదు.

సన్యాసం మన ధర్మంలో లేదు. అల్ హదీద్ సూరా 27వ ఆయతు దాని సంగతి చెప్పింది. అయితే అల్ హజ్ సూరా 40వ ఆయతులో రక్షింపబడవలసిన ఆరాధనా స్థలాలను ఎంచినప్పుడు సన్యాసుల మఠాలు ముందు వరుసలో, మసీదులు చివర వస్తాయి. గ్లోస్టర్ దాలానులో నిలబడినప్పుడు ఈ రెండు ఆయతులూ ఒకేసారి మనసులో మెదిలాయి.

ఇక మన ఇంటి విషయం. నాలుగు పక్కలా గదులు, నడుమ సహను అన్న పథకం మనకు కొత్త కాదు. బీదరులో ఖ్వాజా మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మద్రసా ఇదే పథకం. మూడంతస్తులు, చుట్టూ హుజ్రాలు, మధ్యలో సహను. 1956 దాకా బీదరు మన హైదరాబాదు రాజ్యంలోనిదే గనుక పాతబస్తీవారు దాన్ని పరాయి ఊరుగా చూడరు. ఔరంగజేబు కాలంలో జరిగిన పేలుడులో సగం పోయినా, మిగిలిన సగమే ఆ మనిషి ఏమి తలపెట్టాడో చెబుతుంది. 1481లో ఆయన తల తీయించిన సుల్తాను పేరు ఎంతమందికి గుర్తుంది?

మద్రసా పథకం ఎక్కడి నుండి వచ్చిందన్న ప్రశ్నకు క్రిస్టఫర్ బెక్‌విత్ అనే అమెరికా పండితుడు 2012లో ఒక జవాబు వ్రాశాడు. మధ్య ఆసియాలోని బౌద్ధ విహారాల నుండి మద్రసా, మద్రసా నుండి యూరపు కళాశాల పుట్టాయని. తజికిస్తానులోని అజీనా తెపె విహారంలో సహను నాలుగు పక్కలా ఇవానులుండటం నిజమే. బల్ఖ్‌లోని నౌబహార్ పూజారుల వంశమే బగ్దాదులో వజీర్లయిన బర్మకీలు; నౌబహార్ అంటే మరేమీ కాదు, 'నవ విహారం'. తెలుగువారికి ఈ మాట అనువదించనక్కర లేదు. నాగార్జునకొండలో 3వ శతాబ్దం నాటికే స్తంభాల మండపం చుట్టూ గదులు వరుసగా కట్టిన విహారాలుండేవి. సింహళం నుండి వచ్చిన భిక్షువులకు వేరే విహారం ఉండేది. ఇప్పుడు ఆ లోయ నాగార్జునసాగరం నీటి కింద ఉంది. అయినా బెక్‌విత్ వాదన కూడా సగమే ఒప్పుకోదగినది. ఎండ దేశాల్లో ఇల్లు కట్టే ప్రతివాడూ మధ్యలో వాకిలి వదిలి చుట్టూ గదులు వేస్తాడు. దానికి గురువు అక్కర లేదు. మద్రసాను మద్రసాగా చేసినది ఆ ఆకారం కాదు. దాని వెనుక ఉన్న వక్ఫ్ చట్టం, పాఠం చెప్పే ఉస్తాదు, పూర్తయినాక చేతికిచ్చే ఇజాజతు. జార్జ్ మక్దిసీ 1981లో వ్రాసిన గ్రంథం ఈ సంగతి ఎంతో ఓపికగా చెప్పింది. దానికి ఉర్దూలో వచ్చిన ప్రచారమైనా తెలుగులో రాలేదు.

క్లాయిస్టరులో సన్యాసి మౌనంగా చదివి అక్కడే చనిపోతాడు. హుజ్రాలో పిల్లవాడు గొంతెత్తి వల్లించి, కొన్నేళ్ళకు మూట కట్టుకుని తన ఊరు పోతాడు. సరాయిలో బాటసారి రాత్రి పడుకుని తెల్లవారి పోతాడు. గోడలు ఒకటే.

ఈ మూడవదానికి మంచి ఉదాహరణ హయాత్‌నగర్‌లో ఉన్నది. విజయవాడ దారిలో, చార్మినారు నుండి పదిహేను కిలోమీటర్లకు అటూ ఇటూగా, హయాత్ బఖ్షీ బేగం పేర ఉన్న మసీదు అది. మసీదు చుట్టూ విశాలమైన ఆవరణ, ఆవరణ నాలుగు పక్కలా వందకు పైగా గదులు, ప్రతి గదికీ ఒక కమాను. బందరు దారిన పోయే వర్తకులు, హజ్‌కు ఓడ ఎక్కబోయేవారు ఇక్కడ దిగేవారు. ఏ కులంవాడు, ఏ మతంవాడు అన్న ప్రశ్న సరాయి తలుపు దగ్గర ఉండదు. గ్లోస్టర్ నుండి తిరిగి వచ్చిన నెలలోనే అక్కడికి పోయాను. గచ్చు చాలాచోట్ల రాలిపోయింది. లోపలి రాయి, సున్నం అతుకులు బయటపడ్డాయి. అది చూసి నొచ్చుకున్నా, కమాను ఎట్లా కట్టారో అందువల్లనే తెలిసింది.

మెదక్ చర్చి ఈ రెంటికీ నడుమ నిలిచే ప్రశ్న. 1914లో మొదలై 1924 క్రిస్మసు నాడు ప్రతిష్ఠ జరిగింది. వెస్లీ సంఘానికి చెందిన చార్లెస్ పాస్నెట్ దొర, కరువు రోజుల్లో చుట్టుపక్కల పల్లెలవారికి పని చూపి, కూడు పెట్టి కట్టించాడు. నూరు అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, 175 అడుగుల గంటల బురుజు. ఫ్రాంక్ సాలిస్బరీ అనే లండను చిత్రకారుని రంగుటద్దాల కిటికీలు మూడున్నాయి. బొమ్మలు మన మనసుకు ఎక్కకపోయినా, మధ్యాహ్నపు వెలుగులో ఆ నీలం ఎక్కుతుంది. కాని ఇక్కడ క్లాయిస్టరు లేదు. సన్యాసం వదిలేసిన శాఖవారు, సన్యాసులు పెంచిన రీతిలో, సన్యాసులు లేని దేశంలో కట్టుకున్న చర్చి ఇది. గోతిక్ అప్పటికి అవసరం కాదు, జ్ఞాపకం. అందుకే మెదక్‌లో నాకు గౌరవం కలిగింది గాని, గ్లోస్టర్‌లో వలె అడుగు ఆగలేదు.

సరిగ్గా అవే సంవత్సరాల్లో, అదే నిజాం రాజ్యంలో, మూసీ దక్షిణపు ఒడ్డున మరొక ఇంగ్లీషువాడు విన్సెంట్ ఎష్ హైకోర్టు కడుతున్నాడు. 1920లో దాన్ని ప్రారంభించారు. గుమ్మటాలు, మొన కమానులు, ఎర్ర రాయి. ఆ రీతికి ఇంగ్లీషువారు పెట్టిన పేరు 'ఇండో సారసెనిక్'. మెదక్‌లో మొన కమాను గోతిక్ అయింది, నూరు కిలోమీటర్ల ఇవతల పాతబస్తీలో అదే మొన కమాను సారసెనిక్ అయింది. రెంటికీ పేరు పెట్టినవాడు ఒకడే. రెన్ రెండు వందల ఏళ్ళ క్రితం వాడిన మాట మన నది ఒడ్డుకు వచ్చి, మన మీదనే అతికింది. మనం దాన్ని గర్వంగా మోస్తున్నాము.

హయాత్‌నగర్‌లో ఆ రోజు ఒక ముసలి తాపీ మేస్త్రీ కలిశాడు. గచ్చు పని తెలిసినవాడు. తండ్రి దగ్గర డంగు సున్నం కలపడం నేర్చుకున్నానన్నాడు. ఈ కమాను ఎట్లా గీస్తారు మేస్త్రీ, రెండు మేకులు చాలవా, అని అడిగాను. గ్లోస్టర్ కప్పు కొలతలను గురించి చదివిన చదువు నా తలలో తాజాగా ఉంది మరి. అతడు నవ్వి, "రెండు మేకులతోని గీస్తే గిది కాదు సాబ్, వేరే అయితది. దీనికి నాలుగు గావాలె" అన్నాడు. సంచిలో నుండి సుతిలి తీసి, నేల మీద ఇసుక సదును చేసి, భుజాల వంపుకు రెండు మేకులు గీత మీద, పై వంపుకు రెండు మేకులు గీత కిందికి దించి కొట్టాడు. సుతిలి నాలుగుసార్లు తిప్పేసరికి ఇసుకలో హయాత్‌నగర్ కమాను లేచింది. ఇంగ్లాండులో ఆఖరి గోతిక్ కాలపు కమాను కూడా నాలుగు కేంద్రాలదే. ఈ పని ఇంకెవరికి నేర్పావని అడిగితే, కొడుకు సిమెంటు సెంట్రింగు పనిలో ఉన్నాడని చెప్పి, చెప్పుతో ఆ గీతలు చెరిపేసి మేకులు ఏరుకున్నాడు.